అప్‌డేట్: తెలుగు ఒత్తులు విడిపోయే సమస్య తీరింది

మా అమ్మ రాసే పద్యాలను పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో బొమ్మలుగా మారుస్తున్నానని, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ లాంటి మాటల్లో పొల్లు విడిగా, ఒత్తులు మామూలు అక్షరాలుగా పడుతున్నాయని పోయిన వారం అడిగాను. ఫాంటు తేడా అనుకుని మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు అన్నీ మార్చి చూశాను. మూడు రాత్రులు పోయాయి.

తప్పు ఫాంటుది కాదు. పిల్లోలోని బేసిక్ లేఅవుట్ యూనికోడ్ గుర్తులను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప, వాటిని కలిపి గుణింతాలు, ఒత్తులు కట్టలేదు. ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. దాన్ని పిల్లోకి అందించేది రాక్మ్ అనే ఇంకో లైబ్రరీ. రాక్మ్ నడవాలంటే, రాత ఎడమ నుంచి కుడికా, కుడి నుంచి ఎడమకా అన్నది చూసుకునే ఫ్రిబిడి లైబ్రరీ కూడా ఉండాలి. నా విండోస్‌లో లేనిది అదే! ఫ్రిబిడి డీఎల్‌ఎల్ ఫైలును పైథాన్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టాను. పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను రాక్మ్ ఉందా అని అడిగితే ‘ట్రూ’ వచ్చింది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే ‘జ్యోత్స్న’ సరిగ్గా వచ్చింది. చూసి అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకోటి. రాత ఎంత చోటు పడుతుందో కొలవడానికి పాత పాఠాల్లో కనిపించే టెక్స్ట్‌సైజ్ ఫంక్షన్‌ను పిల్లో 10లో తీసేశారు. దాని బదులు టెక్స్ట్‌బీబాక్స్ వాడండి. తెలుగులో కింది ఒత్తులు కిందికి బాగా దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ కొంచెం ఎక్కువే ఇవ్వండి, లేకపోతే కింది పాదం గుడులకు తగులుతాయి.

రాక్మ్ ఉందో లేదో చూడమన్నవారికి చాలా చాలా థాంక్స్. నలభై పద్యాలు అయ్యాయి, ఇంకా అరవై ఉన్నాయి.