సైనిక కుటుంబాల పిల్లలు కొత్త బడిలో కుదురుకోవడం ఎలా?

ప్రశ్న (ఒక హవల్దారు భార్య):
మావారికి జోధ్‌పూర్ నుంచి సరిహద్దుకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. అక్కడికి కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలు లేనందున పిల్లలతో నేను జూన్‌లో సికింద్రాబాద్ వచ్చాను. ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఇది నాలుగో బడి. మార్కులకు లోటు లేదు గాని ఎవరితోనూ కలవడు. ఎందుకని అడిగితే, "మళ్లీ వెళ్లిపోతాం కదమ్మా" అంటాడు. తెలుగు మాట్లాడతాడే తప్ప చదవలేడు కాబట్టి ఆ పీరియడ్ అంటేనే భయపడుతున్నాడు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

జవాబు (ఉపాధ్యాయురాలు):
అమ్మా, 2018 నాటి తెలంగాణ చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ బడులలోనూ ఒకటి నుంచి పది వరకు తెలుగు తప్పనిసరి. అయితే గుణింతాలే రాని పిల్లవాడి చేత ఐదో తరగతి పాఠం చదివించడం వల్ల భయం పెరుగుతుందే గాని భాష రాదు. తెలుగు టీచరును కలిసి, అక్షరాల నుంచి మొదలుపెట్టమని, అంతవరకు అందరి ముందు పైకి చదివించవద్దని అడగండి. తండ్రి ఫీల్డులో ఉన్నారని, కొన్ని రోజులు ఫోను రాదని క్లాస్ టీచరుకు తప్పక చెప్పండి. నా తరగతిలో ఒక పాప వారం రోజులు హోంవర్కు చేయకపోతే మందలించాను; కారణం తర్వాత తెలిసి ఎంతో బాధపడ్డాను. ప్రార్థన సమయంలో "జవాను కొడుకు" అని నిలబెట్టి చప్పట్లు కొట్టించడం కంటే, లైబ్రరీ పుస్తకాలు పంచే పని అప్పగిస్తే పిల్లవాడు నలుగురితో మాట్లాడక తప్పదు.

జవాబు (సైనికుడి కుమారుడు):
మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం, తరతరాలుగా సైన్యంలోకి వెళ్లే ఊరు. నేను ఏడు బడులు మారాను. అక్కా, మీ అబ్బాయి అన్నది నిజమే కాబట్టి కాదనకండి. ఇక్కడ సుమారు ఎన్నాళ్లు ఉంటారో మీకు తెలిసినంత వరకు చెప్పండి. వాడిని బాధిస్తున్నది కొత్త బడి కాకపోవచ్చు, పాత స్నేహితుడు దూరమవడం కావచ్చు. ఊరు మారిన ప్రతిసారీ మా అమ్మ నా చేత పాత మిత్రులకు ఉత్తరాలు రాయించేది. స్నేహం ఊరితో పాటు తెగిపోదని నాకు అలాగే తెలిసింది.

జవాబు (విశ్రాంత సుబేదారు):
ఒక ముందుచూపు, తల్లీ. తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది గనుక, పదిలో బడి మారాలంటే సీబీఎస్‌ఈ అనుమతి కావాలి. తండ్రి బదిలీని కారణంగా అంగీకరిస్తారు గాని, వీలైతే ఆ రెండేళ్లూ కుటుంబాన్ని ఒకేచోట ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సోమవారం టీచరును కలుస్తాను. జోధ్‌పూర్‌లో వాడి పక్కన కూర్చునే అబ్బాయి వాళ్లమ్మ నంబరు దొరికింది. ఈ సాయంత్రం ఇద్దరి చేతా మాట్లాడిస్తాను.