గోల్కొండ, బీజాపూర్ చిత్రాలు మొఘల్ కళకు తోకేనా?

కుంచె:
ఆస్థానాల సూక్ష్మచిత్రాల గురించి ఎవరు రాసినా ముందు అక్బర్, జహంగీర్, తర్వాత రాజస్థాన్, కాంగ్రా. దక్కన్‌కు చివర్లో ఒక పేరా, అదీ ‘మొఘల్ ప్రభావంతో’ అంటూ. నేను ఒప్పుకోను. దక్కన్ సుల్తానుల రాజ్యాల్లో ఒకటైన అహ్మద్‌నగర్‌లో ‘తారీఫ్-ఎ-హుసేన్‌షాహీ’ కావ్యానికి బొమ్మలు వేసింది 1565 ప్రాంతంలో. బీజాపూర్ సచిత్ర గ్రంథం ‘నుజూమ్ అల్ ఉలూమ్’ 1570 నాటిది. మొఘల్ సైన్యం అహ్మద్‌నగర్ కోట పట్టుకున్నదేమో 1600లో! అంతకు ముప్పై ఏళ్ల ముందే వేసిన బొమ్మలు ఎవరిని చూసి నేర్చుకున్నవి?

పాతపుటలు:
తేదీలు సరే కుంచె గారూ. కానీ బీజాపూర్ సుల్తాన్ ఇబ్రహీం ఆదిల్‌షా కొలువులో వేసిన ఫర్రుఖ్ హుసేన్, మొఘల్ కొలువులోని ఫర్రుఖ్ బేగ్ ఒక్కరేనని చాలామంది పండితులు అంటారు. పైగా 17వ శతాబ్దం గడిచేకొద్దీ గోల్కొండ చిత్తరువుల్లో మొఘల్ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభావమే లేదనడం కుదరదు.

కుంచె:
లేదనలేదండీ, తోక అనొద్దంటున్నాను. మొఘల్ చిత్రశాలను నిలబెట్టిన మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ ఇరాన్ నుంచి హుమాయూన్ వెంట వచ్చినవాళ్లే. అయినా దాన్ని ఇరాన్ కళకు తోక అనం కదా! అదే కొలత ఇక్కడా పెట్టాలి. ఆ అహ్మద్‌నగర్ ప్రతిలో ఒక బొమ్మ ఉంది: అమ్మాయి తాకగానే చెట్టు పూస్తుంది. మన గుళ్లలో చూసే సాలభంజికే ఆమె! పారశీక కావ్యంలోకి ఆమె ఢిల్లీ మీదుగా రాలేదు. ఇక మైనాపిట్టతో నిలబడ్డ బీజాపూర్ యోగిని బొమ్మ చూడండి. చుట్టూ పూలు ఆమెంత ఎత్తున లేస్తాయి, రాజభవనం ఎక్కడో దూరంగా చిన్నగా కనిపిస్తుంది. జహంగీర్ చిత్రకారులు ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలని చూశారు. ఇక్కడ వేసింది ఒక కల.

గోరింట:
పేర్లు లేకపోవడమూ ఒక కారణమేమో. అక్బర్ ప్రతుల్లో పుట అంచున ఎవరు గీశారో, ఎవరు రంగులు వేశారో గుమాస్తాలు రాసి పెట్టేవారు. దక్కన్ బొమ్మల్లో ఎక్కువ వాటికి సంతకమే లేదు. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ పడిపోయాక పుస్తకాలూ చెల్లాచెదురయ్యాయి. పేరు లేనివాళ్ల గురించి రాసేదెవరు?

పాతపుటలు:
ఆ కొలత మాట ఒప్పుకుంటున్నాను. ‘మొఘల్ ప్రభావం’ అన్న మాట 17వ శతాబ్దపు చిత్తరువులకే ఉంచుదాం, 1570 నాటి వాటికి అంటగట్టొద్దు.

కుంచె:
అదే నేను కోరేది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితల సచిత్ర ప్రతి ఉంది. ఆ బంగారు పూత, ఆ ఊదా రంగు చూశాక మళ్లీ మాట్లాడుకుందాం.