ఆమ్లాకర్షణ కణం: ఏ ఆమ్లం, ఎక్కడి ఆకర్షణ?

ప్రశ్న: తెల్ల రక్తకణాల పాఠంలో ఆమ్లాకర్షణ, క్షారాకర్షణ, తటస్థ కణాలని మూడు పేర్లున్నాయి. ఆమ్లాకర్షణ కణం ఒంట్లోని ఆమ్లాన్ని లాక్కుంటుందని పిల్లలు అనుకుంటున్నారు. అది సరైన అర్థమేనా?

జవాబు: కాదండీ. ఆ ఆమ్లం ఒంట్లోది కాదు, స్లైడు మీద పోసే రంగుది. ఈ కణాలకు సహజంగా రంగుండదు. 1870ల చివర్లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త రక్తపు పూతకు అనిలిన్ అనే కృత్రిమ రంగులు పట్టించి చూశాడు. ఒక రకం కణంలోని రేణువులు ఇయోసిన్ అనే ఆమ్ల రంగును పట్టుకుని ఎర్రగా, నారింజగా కనిపించాయి. అదే ఇయోసినోఫిల్, మన ఆమ్లాకర్షణ కణం. బేసోఫిల్ (క్షారాకర్షణ కణం) రేణువులు క్షార రంగు పీల్చుకుని, కేంద్రకం కూడా కనపడనంత ముదురు నీలంగా మారతాయి. న్యూట్రోఫిల్ (తటస్థ కణం) రేణువులు ఏ రంగుకూ గట్టిగా లొంగవు, లేతగానే ఉంటాయి. కాబట్టి ఈ మూడూ అద్దకం పేర్లు. పనికీ వాటికీ సంబంధం లేదు.

ఇంకొకరు: సూక్ష్మజీవి చొరబడగానే అందరికంటే ముందు వెళ్ళి మింగేసేది న్యూట్రోఫిలే కదండీ! దాన్ని పట్టుకుని తటస్థం అనడం అన్యాయం. భక్షక కణం అందాం.

జవాబు: మీ బాధ నాకూ ఉంది. చీములో చాలా భాగం పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్సే. కానీ మింగే పని దానొక్కదానిదే కాదు. మోనోసైట్ అనే మరో తెల్ల రక్తకణం రక్తం వదిలి కణజాలంలోకి వెళ్ళి, మాక్రోఫేజ్‌గా మారి, అదే పని చేస్తుంది. భక్షకమంటే రెండూ కలిసిపోతాయి. ఇయోసినోఫిల్‌దీ ఒకే పని కాదు. పరాన్నజీవి పురుగుల మీద విషపు ప్రోటీన్లు కుమ్మరిస్తుంది, అలర్జీలోనూ పాలుపంచుకుంటుంది. బేసోఫిల్ హిస్టమిన్ అనే రసాయనం వదులుతుంది.

ప్రశ్న: మరి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు?

జవాబు: అక్కడ అద్దకం చేతులెత్తేస్తుంది. వాటిలో యాంటీబాడీలు తయారుచేసే దారిలోని బీ కణమూ, వైరస్ సోకిన కణాన్ని చంపే టీ కణమూ మామూలు స్లైడులో ఒకేలా కనిపిస్తాయి. అందుకే వాటికి వేరే పరీక్షలు.

ఇంకొకరు: ఆ మూడు పేర్లనూ కొట్టేయక్కర్లేదు. సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టేవాళ్ళకు అవి నేటికీ పనికొస్తున్నాయి. మాయమైన రంగును మాత్రం తిరిగి చేర్చాలి: ఆమ్లవర్ణాకర్షణ, క్షారవర్ణాకర్షణ. రెండక్షరాలు పెరిగినా ఒంట్లో ఆమ్లమనే పొరపాటు రాదు.

ప్రశ్న: బాగుందండీ. రేపటి పాఠంలో ఇలాగే రాయిస్తాను.