అప్‌డేట్: ఆరేళ్ల సీటీవీఎస్‌లోనే (గుండె, ఊపిరితిత్తులు, రక్తనాళాల సర్జరీ) చేరాను

ఎంబీబీఎస్ అయ్యాక నేరుగా ఆరేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సు డీఆర్‌ఎన్‌బీలో చేరాలా, మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ చేసి, నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీకి వెళ్లాలా అని అడిగాను కదా. ఎలా చూసినా ఆరేళ్లే. రెండో పరీక్ష టెన్షన్ ఉండదని మొదటిదే తీసుకున్నాను. "మధ్యలో మనసు మారితే చేతిలో ఎంఎస్ కూడా ఉండదు" అని మీలో ఒకరన్న మాట మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఇప్పటికి ఎనిమిది నెలలు. గుండె కోయడం సంగతి తర్వాత, ముందు కాలే! బైపాస్ (మూసుకుపోయిన గుండె రక్తనాళానికి పక్కదారి వేయడం) కోసం కాలి నుంచి సఫీనస్ సిర తీయడం నా పని. చిన్న కొమ్మలన్నీ జాగ్రత్తగా కట్టాలి, ఒక్కటి వదిలినా అక్కడ కారుతుంది. లోపలి కవాటాలు రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి కాబట్టి సిరను తలకిందులుగా తిప్పి కుట్టాలి. మొదటిసారి నాకు గంటన్నర పట్టింది. సార్ ఏమీ అనలేదు, గడియారం చూశారంతే.

రాత్రుళ్లు ఐసీయూలోనే. డ్రెయిన్‌లో (ఆపరేషన్ చేసిన చోటి నుంచి రక్తం బయటికి తెచ్చే గొట్టం) గంటకి ఎంత రక్తం వస్తోందో రాసుకుంటూ కూర్చోవడం. నిద్ర గురించి అడగకండి.

ఊపిరితిత్తుల కేసులు ఇక్కడ తక్కువ. చేరే ముందు అది కనుక్కోవాల్సింది.