సమస్యాపూరణం: "తినగ రాని గింజ తిండి పెట్టె"

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

తినగ రాని గింజ తిండి పెట్టె

దీని వెనక ఒక ప్రదర్శన ఉంది. చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ 2010 అక్టోబరులో లండన్ ఆర్ట్ మ్యూజియం టేట్ మోడర్న్‌లోని టర్బైన్ హాల్ నేలంతా పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. దూరం నుంచి చూస్తే కల్లంలో ఆరబోసినట్టే ఉంటుంది, కానీ ఒక్కటి తీసి కొరికితే పన్నే విరుగుతుంది, ఎందుకంటే అది పింగాణీ! అలాంటివి పది కోట్లు, దాదాపు 150 టన్నులు. జింగ్‌దెజెన్ అనే ఊళ్ళో సుమారు 1,600 మంది రెండేళ్ళకు పైగా కూర్చుని చేశారు, ప్రతి గింజ మీదా చారలు కుంచెతో చేత్తోనే దిద్దారు. మీ పూరణ ఈ ప్రదర్శన మీదే ఉండాలని లేదు, కానీ పైకి మామూలుగా కనిపిస్తూ లోపల ఇంకేదో దాచుకున్న వస్తువు మాత్రం ఉండాలి.

ఒంగోలు సభ్యుడు:

పొద్దుతిరుగు గింజ పోలిక పింగాణి
చేత మలచి రంగు చేర్చి రచట,
పనులు లేని యింట పైకము రాలంగ
తినగ రాని గింజ తిండి పెట్టె.

నిర్వాహకుడు:
నేను మనసులో అనుకున్న దారి ఇదే. ఒకప్పుడు చక్రవర్తులకు పింగాణీ చేసి పంపిన ఊరది, అలాంటి ఊరికి గింజలే కూలి డబ్బులు తెచ్చాయని చెప్పడం నాకు బాగా నచ్చింది. ఒక్క సవరణ. "రాలంగ" ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్న పదం, కాబట్టి తర్వాత సరళాదేశం రావాలి, అంటే "త" "ద" కావాలి, "రాలంగఁ దినగ" అనండి. సమస్యలో అక్షరం మారిందని టెన్షన్ పడకండి, పాదం మొదటి అక్షరానికీ మధ్య అక్షరానికీ కుదరాల్సిన యతిలో ద-త చెల్లుతుంది.

ఒంగోలు సభ్యుడు:
సవరించుకున్నాను మాస్టారూ, ధన్యవాదాలు.

వరంగల్ సభ్యురాలు:
నాది చైనా దాకా పోలేదు, మా తాతయ్య పెట్టె దగ్గరే ఆగిపోయింది. ఆయన బంగారం పని చేసేవారు. చిన్న ఇత్తడి డబ్బాలో గురిగింజలు ఉండేవి, మేము ఆడుకోవడానికి అడిగితే ఇచ్చేవారు కాదు, నోట్లో పెట్టుకుంటే విషమని.

పసిడి తూచు వేళఁ బళ్ళెమ్ములో నిల్చి
గురుతు చూపి విలువ గుట్టు తెలిపి,
కంసలింటి లోన గలగల గురిగింజ
తినగ రాని గింజ తిండి పెట్టె.

నిర్వాహకుడు:
అమ్మా, మంచి ఊహ. ఎర్రగా ముచ్చటగా ఉండే గింజ, లోపల విషం, అదే తూకపు రాయి, దాని మీదే ఒక ఇంటి బతుకు. సమస్యకు ఇంతకన్నా సహజంగా అతికే వస్తువు నాకైతే తట్టలేదు. కానీ మూడో పాదం చివర "గురిగింజ", వెంటనే కింద మళ్ళీ "గింజ", పునరుక్తి చెవికి తగులుతోంది. "గురివింద" అని మార్చి చూడండి. "గలగల" కూడా యతి కోసం వచ్చినట్టే ఉంది.

వరంగల్ సభ్యురాలు:
నిజమే అన్నయ్యా, గలగల అక్కడ ఊరికే కూర్చుంది. మన సామెతే సాయం చేసింది, మూడో పాదం ఇలా మార్చాను:

నలుపు కింద దాచి నవ్వెడి గురివింద

నిర్వాహకుడు:
అబ్బ! దాచుకున్న విషయం కూడా వచ్చేసింది. ఇది ఖాయం చేయండి.

లండన్ సభ్యుడు:
ఆ ప్రదర్శన నేను చూశాను. మొదట్లో జనాన్ని గింజల మీద నడవనిచ్చారు, రెండు మూడు రోజులకే పింగాణీ దుమ్ము ఆరోగ్యానికి మంచిది కాదని ఆపేశారు. చైనా నేత మావో సూర్యుడు, జనం ఆయన వైపు తిరిగే పొద్దుతిరుగుడు పూలు అని బొమ్మలు వేసిన కాలం నుంచి వచ్చినవాడు ఈ కళాకారుడు, ఆ లేమి రోజుల్లో స్నేహితులు పంచుకు తిన్నదీ ఈ గింజలే. ప్రదర్శన ఇంకా నడుస్తుండగానే, 2011 ఏప్రిల్‌లో, చైనా ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని 81 రోజులు నిర్బంధించింది. అదంతా ఆటవెలదిలో పట్టలేదు, దుమ్ము ఒక్కటే పట్టింది.

దుమ్ము లేచె నంచు దొక్కనీయక కట్టి
తాడు, చూపులకును దావు నిచ్చి,
కడుపు కాదు, మదికి గంపెడాకలి తీర్చి
తినగ రాని గింజ తిండి పెట్టె.

ఒంగోలు సభ్యుడు:
తమ్ముడూ, మూడో పాదం చాలా బాగుంది. కానీ తాడు కట్టింది గ్యాలరీ వాళ్ళు, తిండి పెట్టింది గింజ. "కట్టి" అన్నాక కర్త మారకూడదు కదా.

నిర్వాహకుడు:
సరిగ్గా పట్టుకున్నారు. "కట్టి"ని "కట్టన్" చేస్తే చాలు, అప్పుడు కర్త మారినా తప్పు లేదు: "దొక్కనీయక కట్టఁ / దాడు". గణమూ చెడదు, యతీ చెడదు.

లండన్ సభ్యుడు:
ఒక్క అక్షరంతో పద్యం నిలబడింది. చాలా థ్యాంక్సండీ.

వరంగల్ సభ్యురాలు:
తమ్ముడూ, ఒక్క గింజైనా చేతిలోకి తీసుకున్నావా?

లండన్ సభ్యుడు:
లేదక్కా, నేను వెళ్ళేసరికే ఆపేశారు. ఒడ్డునే మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. దగ్గరగా ఉన్న ఓ పది పదిహేను గింజలు పట్టి పట్టి చూస్తే ఏ రెండింటి చారలూ కలవలేదు, ఒకదాని మీద మాత్రం గీత చివర కాస్త వంకర పోయి ఉంది, దిద్దినవాళ్ళ చెయ్యి అలిసిందేమో అనిపించింది.