బావ పోయాక మేనల్లుడు మాట తగ్గించేశాడు, ఏం చేయాలి?

ప్రశ్న (కందుకూరు దగ్గర పల్లె):
తిరునాళ్లలో ప్రభ దగ్గర మొదలైన గొడవలో మా బావని కొట్టి చంపారు. పెద్దకర్మ అయ్యాక అక్కనీ పిల్లల్నీ మా ఇంటికి తెచ్చుకున్నా. పెద్దమ్మాయి ఏడుస్తుంది, మళ్లీ లేచి పని చూసుకుంటుంది. టెన్షనంతా మూడో తరగతి చదివే చిన్నోడి గురించే. నాన్న హాస్పిటల్లో ఉన్నాడని చెప్పాం, కానీ దండేసిన ఫోటో గోడకే ఉంది. వాడు అడగడమే మానేశాడు. రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. బుల్లెట్ బండి చప్పుడైతే మంచం కిందకి దూరుతున్నాడు. బావ రాత్రిపూట మోటారు వేయడానికి తీసుకెళ్లే చార్జింగ్ లైటుని రోజూ ప్లగ్గుకి పెడతాడు, నిండినా తీయనివ్వడు. చూడ్డానికొచ్చినోళ్లేమో "పెద్దయ్యాక మీ నాన్న పగ నువ్వే తీర్చాలిరా" అంటున్నారు. గొడవప్పుడు వాడు అక్కడే ఉన్నాడని స్టేషన్‌కి తీసుకురమ్మని ఫోన్ కూడా వచ్చింది.

జవాబు (రిటైర్డ్ టీచర్, ఒంగోలు):
బాబూ, ముందు ఆ హాస్పిటల్ మాట ఆపండి. వాడికి తెలుసు, మీరు చెప్పడం లేదని కూడా తెలుసు. మీ అక్కయ్యే చెప్పాలి, మీరు పక్కన కూర్చోండి. "నాన్నని కొట్టారు, ఆ దెబ్బలకి చనిపోయాడు, ఇక రాడు. ఇందులో నీ తప్పేం లేదు." అంతే. నిద్రపోయాడు, దేవుడు పిలిచాడు అనొద్దు, ఆ తర్వాత పడుకోవడానికే భయపడతారు. ఈ వయసులో తామేదో చేసినందుకే ఇలా జరిగిందని లోపల అనుకుంటారు, అందుకే ఆ చివరి మాట ముఖ్యం. మళ్లీ మళ్లీ అడుగుతాడు, విసుక్కోకుండా అదే చెప్పండి. బొమ్మలతో కొట్లాట ఆడినా తిట్టొద్దు. పక్క తడిపితే దుప్పటి మార్చండి, నలుగురిలో అనొద్దు. లైటు జోలికి పోకండి. బడికి పంపండి, కానీ క్లాస్ టీచరుకి విషయం ముందే చెప్పండి.

జవాబు (వకీలు గుమాస్తా):
పదిహేనేళ్ల లోపు మగపిల్లల్ని విచారణకి స్టేషన్‌కి పిలవకూడదు, వాళ్లే ఇంటికి రావాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చూడండి. ఆడవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి మీ అక్కకీ. వకీలు ఫీజు కట్టలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. పరిహారం దరఖాస్తు గురించి కూడా వాళ్లనే అడగండి.

జవాబు (పామూరు వైపు):
మా నాన్నని చంపినప్పుడు నాకు పదేళ్లు. పగ మాట నాకూ చెప్పారు. కొత్తగా ఎవరు పరిచయమైనా ముందు ఇంటిపేరే అడిగేవాణ్ని, ఆడుకోవాలా వద్దా అని. అది ఇంటర్ దాకా పోలేదు. ఆ మాట అనేవాళ్లని గుమ్మంలోనే ఆపండి, మొహమాటం పడొద్దు. పెద్దమ్మాయి పని చేసుకుంటోంది కదా అని వదిలేయకండి. మా అక్క అలాగే చేసి, రెండేళ్ల తర్వాత మంచం పట్టింది. మనసు బాధలకి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి మీ అక్కతో ఒకసారి మాట్లాడించండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి అక్క చెప్పింది. వాడు ఏడవలేదు. "మరి వాళ్లు ఇక్కడికి కూడా వస్తారా?" అన్నాడు. రారని మాటిచ్చేయమంటారా?

రిటైర్డ్ టీచర్:
మన చేతిలో లేనిదానికి మాటివ్వొద్దు. కొట్టినవాళ్లు జైల్లో ఉంటే అదే చెప్పండి. రాత్రి గొళ్లెం వాడి చేతే వేయించండి, వసారాలో మీరు పడుకుంటారని చెప్పి, పడుకోండి. నెల దాటినా తిండీ నిద్రా ఇలాగే ఉంటే ఒంగోలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకురండి.