అప్‌డేట్: అమెరికాలోని షాంపేన్ ఊరు చేరాను, అందరికీ థ్యాంక్స్

హైదరాబాద్ నుంచి అబుదాబి మీదుగా షికాగో వెళ్తున్నా, అక్కణ్నుంచి షాంపేన్‌కి మళ్లీ ఫ్లైటా, బస్సా అని అడిగాను కదా. బస్సే ఎక్కాను. దాదాపు మూడు గంటలు, దారంతా మొక్కజొన్న చేలే.

మీలో ఒకరు చెప్పినట్టు అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అబుదాబిలోనే అయిపోయాయి. లైన్ పెద్దది, రెండు ఫ్లైట్ల మధ్య గ్యాప్ ఎక్కువున్న టికెట్టే తీసుకోండి. ఆఫీసర్ ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తిరగేసి, ఫీజు ఎవరు కడుతున్నారని అడిగి, స్క్రీన్ మీద నా సూట్‌కేసుల ఫొటో చూపించి "ఇవి మీవేనా?" అన్నాడు. ఆవకాయ ఉందని ముందే చెప్పేశాను, పంపించేశాడు. షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో బ్యాగులు తీసుకుని నేరుగా బయటికే.

వచ్చేవాళ్లకి ఒక్క మాట: ఐ-20లో ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద రానివ్వరు. అది చూసుకున్నాకే టికెట్ కొనండి. దిగాక ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) డౌన్‌లోడ్ చేసి పేరు, వీసా కేటగిరీ సరిచూసుకోండి.